తెల్లరంగు లేని తెల్లకొంగ: జపాను చెక్క అచ్చును ఇంట్లో వేయడం ఎలా

జపాను చెక్క అచ్చు బొమ్మల్లో పిట్టలూ పూలూ కలిసి కనిపించే కోవను కచో-ఎ అంటారు. 1830ల్లో హొకుసాయి, హిరోషిగే ఈ కోవలో చేసిన బొమ్మలను చూసి, ఇది మన చేతిలో అయ్యే పని కాదని పక్కన పెట్టేసేవారే ఎక్కువ. వాటిలోని సన్నటి గీతలు చెక్కాలంటే నిజంగానే ఏళ్ల సాధన కావాలి. అయితే ఇదే కోవలో కొత్తవారికి అందే బొమ్మ ఒకటుంది: తెల్లకొంగ. ఇందులో కొంగకు రంగు వేయం. దాని చుట్టూ ఉన్న చీకటికి వేస్తాం. రంగు తగలకుండా మిగిలిన కాగితమే కొంగ అవుతుంది.

ఒహారా కోసన్ (1877–1945) మంచులోనూ వానలోనూ నిలబడ్డ కొంగలను ఈ కిటుకుతోనే ఎన్నోసార్లు చేశాడు. బూడిదరంగు నేపథ్యం, మధ్యలో ఖాళీ కాగితం, దాని మీద రంగు లేకుండా నొక్కిన ఈకల జాడలు. 1926 నుంచి టోక్యో ప్రచురణకర్త వతనబే షోజబురో కోసం పనిచేస్తూ షోసన్ అని సంతకం చేశాడు కాబట్టి, ఆయన బొమ్మలు రెండు పేర్లతోనూ దొరుకుతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వెబ్‌సైటులో వాటిని బాగా పెద్దవి చేసి చూడవచ్చు. ఉలి పట్టే ముందు ఒక సాయంత్రం అందుకు కేటాయించండి. నేపథ్యపు రంగు కొంగ అంచు దగ్గర ఎంత పదునుగా ఆగిందో, విడిగా గీసిన గీతలు ఎంత తక్కువ ఉన్నాయో గమనించండి.

ఇంకొక సంగతి. ఆ బొమ్మలు ఒక్క చేతి పని కావు. గీసేవాడు ఒకడు, చెక్కేవాడు మరొకడు, అచ్చు వేసేవాడు ఇంకొకడు, పెట్టుబడి పెట్టి ముగ్గురినీ నడిపేది ప్రచురణకర్త. మీరు ఈ నలుగురి పనీ ఒంటరిగా చేయబోతున్నారు. అందుకే బొమ్మ చిన్నది, రంగులు నాలుగే.

కావలసిన సరంజామా

పాతకాలపు జపాను అచ్చులకు కొండచెర్రీ చెక్క వాడేవారు. గట్టిది, నార సన్నం, వందల ప్రతులకు తట్టుకుంటుంది. మీరు వేసేది పదిలోపు ప్రతులు, దానికి అంత చెక్క అక్కర్లేదు. చిత్రకళా సామగ్రి అమ్మేచోట దొరికే మెత్తటి బాస్‌వుడ్ లేదా షినా ప్లైవుడ్ 6 మి.మీ. మందంలో, 16 × 28 సెం.మీ. ముక్కలు రెండు తీసుకోండి. రెండు వైపులా చెక్కుతాం కాబట్టి నాలుగు అచ్చులు వస్తాయి. నార పొడవు వెంట నడిచేలా కోయించుకోండి. కొంగ కాళ్లు ఆ దారిలోనే నిలబడతాయి, విరగవు. బీరువాలకూ అలమరలకూ వాడే మామూలు ప్లైవుడ్ మాత్రం వద్దు. ఉలి తగలగానే పెచ్చులు లేచి మీ ఉత్సాహాన్ని చంపేస్తుంది.

కాగితం దగ్గర పిసినారితనం పనికిరాదు. జపానులో కోజో అనే మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితం వాడతారు. నార పొడవైనది కాబట్టి, తడిపి పదేపదే రుద్దినా చిరగదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 'సైజింగ్' చేసిన కోజో కాగితం అని ఉందో లేదో చూసుకోండి. సైజింగ్ అంటే జంతువుల జిగురు, పటిక కలిపి పూసిన పూత. అది లేకపోతే రంగు నారల వెంట పాకి, కొంగ అంచు బూజుపట్టినట్టు అవుతుంది. కాగితాన్ని 13 × 24 సెం.మీ. ముక్కలుగా పన్నెండు కోయండి. బొమ్మ 9 × 20 సెం.మీ. వస్తుంది, చుట్టూ రెండు సెంటీమీటర్ల అంచు మిగులుతుంది. సన్నగా నిలువుగా ఉండే ఈ ఆకారం హిరోషిగే తన పిట్టల బొమ్మలకు ఇష్టంగా వాడినదే. ఆయనవి సుమారు 38 × 17 సెం.మీ. ఉండేవి, మనది అందులో సగం.

మిగతావి సులువు. పదునైన చిన్న కత్తి, వి ఆకారపు ఉలి, గుండ్రటి మొన ఉన్న వెడల్పు ఉలి, చదును మొన ఉలి, ట్యూబుల్లో వచ్చే నీటి రంగులు, గుర్రపు వెంట్రుకలతో చేసిన చిన్న బూటు బ్రష్షులు రెండు, అందుకు తోడు ఒక చిన్న గట్టి కుంచె. బూటు బ్రష్షా అని నవ్వకండి, కొత్తదైతే చాలు, జపాను బ్రష్షుకు దగ్గరగా పనిచేస్తుంది. కొనగానే గరుకు కాగితం మీద కాసేపు రుద్దండి, వెంట్రుకల కొసలు చీలి మెత్తబడతాయి. కాగితం వీపున రుద్దడానికి జపానువాళ్లు వాడే గుండ్రటి సాధనం బారెన్. వెదురు పొరతో చుట్టిన అసలైనది ఖరీదు ఎక్కువ. సాధారణ రకం కొనండి, లేదా నున్నటి చెక్క గరిటె వీపుతో కానివ్వండి.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. చెంచాడు బియ్యప్పిండిని పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ తెల్లదనం పోయి నిగనిగలాడే దాకా ఉడికించండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. జపానులో నోరి అనే ఈ బియ్యపు జిగురును రంగులో కొద్దిగా కలిపితేనే అచ్చు సమంగా పడుతుంది.

గీయడం

ఈ కోవలో పిట్టకూ పూవుకూ రుతువు కలవాలి. వెదురు మీద పిచ్చుక, రెల్లు మీదుగా ఎగిరే అడవి బాతులు, ప్లమ్ పూల మధ్య ఉగుఇసు అనే పాటపిట్ట వంటి జంటలు అలా స్థిరపడినవే. మన కొంగకు ఐరిస్ పువ్వును జత చేద్దాం. హిరోషిగే కూడా కలిపిన జంటే ఇది. జపానులో నీటి ఒడ్డున ఐరిస్ జూన్ వానల్లో పూస్తుంది. చిన్న తెల్లకొంగ తల వెనక రెండు పొడవాటి ఈకలు వేలాడేదీ ఆ గూడు కట్టే కాలంలోనే. కాబట్టి ఆ రెండు ఈకలూ గీయండి. అవి లేకుండా ఐరిస్ పక్కన నిలబెడితే, తెలిసినవారి కంటికి రుతువు తప్పినట్టే. ఈ కొంగ మన చెరువు గట్ల మీద కనిపించే జాతే: నల్లటి ముక్కు, నల్లటి కాళ్లు, పసుపు పచ్చని వేళ్లు. వేళ్లను నీళ్లలో ముంచేయండి, ఒక రంగు తగ్గుతుంది.

కొంగను ఒకే ముక్కగా, లోపల వివరాలేమీ లేని నీడబొమ్మలా గీయండి. దాన్ని పూర్తిగా నల్లగా నింపి, గోడకు అంటించి గది అవతలి నుంచి చూడండి. కొంగ అని వెంటనే తెలిస్తే ఆకారం కుదిరినట్టు. తెలియకపోతే కన్ను, ఈకలు ఎన్ని చేర్చినా లాభం లేదు. మెడ వంపు మళ్లీ గీయండి. ఈ పరీక్షను దాటవేయకండి, బొమ్మ బతుకు దీని మీదే ఉంది. కొంగ కాగితంలో సగం కంటే తక్కువ చోటే తీసుకోవాలి. ఒక పువ్వు, ఒక కాడ, మూడు కత్తుల్లాంటి ఆకులు చాలు.

ఇప్పుడు బొమ్మను నాలుగు అచ్చులుగా విడదీయండి.

మొదటిది నేపథ్యం. బొమ్మ దీర్ఘచతురస్రమంతా ఉంటుంది, కొంగ, పువ్వు ఆకారాలు మాత్రం లోతుగా తవ్వేసి ఉంటాయి. ఆకులూ కాడా నేపథ్యం మీదనే పడతాయి, వాటికి ఖాళీ వదలనక్కర్లేదు.

రెండోది ఆకులు, కాడ, పువ్వు. రెండు రంగులు ఒకే అచ్చు మీద. పువ్వు కింద ఆకుపచ్చా ఊదా కాస్త కలిసినా అందమే.

మూడోది నలుపు: ముక్కు, కంటి చుక్క, కాళ్లు.

నాలుగోది ఈకలు. దీనికి రంగే ఉండదు.

పలక మీదికి ఎక్కించడం, కెంతో గుర్తులు

అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి. అందువల్ల ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని బోర్లా తిప్పి, కింద కార్బన్ కాగితం పెట్టి పలక మీద దిద్దాలి.

దిద్దేముందు, బోర్లా తిప్పిన అదే ట్రేసింగ్ మీద కెంతో గుర్తులు గీయండి. రంగు మీద రంగు సరిగ్గా పడటానికి జపాను పనివాళ్లు పలకలోనే చెక్కుకునే రెండు చిన్న గాట్లు ఇవి. 1765లో చిత్రకారుడు సుజుకి హారునోబు కాలం నుంచి బహువర్ణ అచ్చులు వెల్లువెత్తడం వెనుక ఉన్నది ఇంత చిన్న ఏర్పాటే. పొడవాటి అంచు మీ వైపు ఉండేలా ట్రేసింగ్‌ను అడ్డంగా పెట్టండి. కాగితపు కుడి చేతి కింది మూల ఎక్కడ పడుతుందో అక్కడ ఆ మూల కూర్చునేలా ఒక గుర్తు. దానికి ఎడమగా, అదే అంచు వెంట 15 సెం.మీ. దూరంలో, వేలెడు పొడవున ఒక తిన్నని గీత. నాలుగు అచ్చుల మీదికీ బొమ్మతో పాటు ఈ గుర్తులనూ అదే ట్రేసింగ్ నుంచి దిద్దాలి. ఒక్కో పలక మీద విడివిడిగా కొలుచుకుంటూ గీస్తే ఏదో ఒకటి అర మిల్లీమీటరు పక్కకు జరుగుతుంది, నల్లటి ముక్కు కొంగ ముఖాన్ని వదిలి గాలిలో తేలుతుంది.

కెంతో గాట్లను చదును ఉలితో మిల్లీమీటరు లోతున చెక్కండి. కాగితం ఆనుకునే గోడ నిటారుగా ఉండాలి, మిగతా వైపు వాలుగా తీసేయవచ్చు.

చెక్కడం

పలక జారకుండా టేబుల్‌కు బిగించండి. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి, ముందు కాదు. ముందుగా కత్తితో అంచు గీయండి. కత్తిని కాస్త బయటికి వాల్చి పట్టుకోండి, మిగలాల్సిన భాగం పాదం దగ్గర వెడల్పుగా ఉంటుంది. కొంగ కాళ్లలాంటి సన్నటి చోట్ల ఈ వాలే ప్రాణాధారం. తర్వాత రెండు మూడు మిల్లీమీటర్ల అవతల ఎదురు వాలుతో మరో గాటు పెడితే సన్నటి చెక్క పట్టీ ఊడి వస్తుంది. అప్పుడు గుండ్రటి ఉలితో మిగతాది తవ్వుకోవచ్చు.

నేపథ్యపు అచ్చులో కొంగ ఖాళీ పెద్దది. తడి కాగితం అందులోకి వేలాడి అడుగున ఉన్న రంగును తాకితే, తెల్లటి వీపు మీద బూడిద మచ్చ పడుతుంది. అక్కడ కనీసం మూడు మిల్లీమీటర్లు తవ్వండి. ఉలి గాట్ల గట్లు మిగలకుండా నునుపు చేయండి.

ఈకల అచ్చుకు పని తలకిందులు. కొంగ ఆకారం అంతా చదునుగా అలాగే ఉంచి, చుట్టూ తవ్వేసి, ఈకల గీతలను వి ఉలితో లోపలికి చెక్కండి. తడి కాగితం ఆ గీతల్లోకి దిగి, తీశాక ముందువైపు ఉబ్బుగా కనిపిస్తుంది. ఈ పద్ధతి పేరు కరజూరి. రెక్క మీద పది పన్నెండు గీతలు, మెడ కింద వేలాడే ఈకలకు నాలుగైదు. అంతకు మించి చెక్కాలన్న కోరిక పుడుతుంది, ఆపుకోండి.

తడి

కొత్తవారి అచ్చులు చెడేది చెక్కడం దగ్గర కాదు, తడి దగ్గర. ముందురోజు రాత్రి అద్దుడు కాగితాలను తడిపి, నీరు కారకుండా పిండి, వాటి మధ్య రెండేసి కోజో కాగితాలు పేర్చి, మొత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బరువు పెట్టండి. పొద్దున్నకు కాగితం చల్లగా, మెత్తగా ఉండాలి, పైన నీటి మెరుపు మాత్రం ఉండకూడదు. తడికి కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రంగుకూ మూడో రంగుకూ మధ్య తడి మారితే ఎంత బాగా చెక్కిన కెంతో అయినా ఏమీ చేయలేదు. అందుకే రంగులన్నీ ఒకే పూట వేసేయండి, వాడని కాగితాలను సంచిలోనే ఉంచండి.

ఫ్యాను ఆపేయండి. మే నెలలో విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఈ మాట వింటే కోపం వస్తుంది, కానీ ఫ్యాను కింద కాగితం నిమిషాల్లో ఎండుతుంది. వేసవిలో తెల్లవారుజామున కూర్చోండి. వానాకాలంలో ఇబ్బంది వేరు: తడి కట్ట రెండు రోజులుంటే బూజు పట్టేస్తుంది. పని మధ్యలో ఆపాల్సి వస్తే సంచితో సహా ఫ్రీజర్‌లో పెట్టండి, బయటికి తీసి కరగనిచ్చాక మళ్లీ మొదలుపెట్టవచ్చు.

అచ్చు వేయడం

పెడనలో కలంకారీ అచ్చుల పని చూసినవారు ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ గుడ్డ పరిచి, దాని మీద అచ్చును మోపి కొడతారు. ఇక్కడ అచ్చు కింద కదలకుండా ఉంటుంది, కాగితాన్ని దాని మీద పరిచి వీపున రుద్దుతారు. రంగు కాగితం పైన పూతలా నిలవకుండా నారల్లోకి దిగేది ఈ రుద్దుడు వల్లే.

నేపథ్యంతో మొదలుపెట్టండి. నలుపులో కొంచెం ప్రష్యన్ బ్లూ కలిపి నీళ్లతో పలుచన చేయండి. బెర్లిన్‌లో పుట్టిన ఆ నీలం 1830 ప్రాంతంలో జపాను అచ్చుల్లోకి విరివిగా వచ్చింది. అంతకు ముందు పూరేకుల నుంచి తీసి వాడిన ఒక నీలం వెలుగుకు ఇట్టే వెలిసిపోయేది. పాత అచ్చుల్లో కొన్ని ఆకాశాలు గోధుమరంగుకు తిరిగి కనిపించేది అందుకే.

పలకను తడిగుడ్డతో తుడవండి. రంగు పై సగంలోనే రెండు మూడు చోట్ల వేసి, పక్కన కందిగింజంత జిగురు పెట్టి, బ్రష్షుతో మొదట గుండ్రంగా కలిపి, తర్వాత అడ్డంగా తేలికగా లాగుతూ కిందికి దిగండి. కింది భాగంలో నీళ్ల తడి తప్ప రంగు ఉండకూడదు. రంగు తనంతట తానే పలచబడుతూ నీటిలో కలిసిపోతుంది. ఇదే బోకాషి. హిరోషిగే ఆకాశాల్లో మీరు చూసిన నీలపు పట్టీ ఇలా వచ్చిందే. మన బొమ్మలో కొంగ వీపు, మెడ వెనక చీకటి చిక్కగా ఉండాలి, కాళ్ల దగ్గర తేలిపోవాలి. ఏ రెండు ప్రతుల్లోనూ ఇది ఒకేలా రాదు, రానవసరం లేదు. కొంగ గుంటలో రంగు చేరిందేమో చూసి తుడిచేయండి.

కాగితాన్ని రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, కుడి మూలను గాటులో కూర్చోబెట్టి బొటనవేలితో ఆపండి. ఎడమ అంచును తిన్నని గాటుకు ఆనించండి. అప్పుడు మిగతాది వదిలేయండి, దానంతట అది వాలుతుంది. వాలాక సర్దకూడదు. పైన బేకింగ్ కాగితం వేసి, బారెన్‌తో చిన్న చిన్న వంకరలుగా, భుజం బలం వాడి రుద్దండి. ఒక మూల నుంచి మెల్లగా లేపండి.

మొదటి మూడు కాగితాలు పోయినట్టే అనుకోండి. పలకా బ్రష్షూ తడి తాగి దారికి వచ్చేసరికి అవి అయిపోతాయి. ఆ తర్వాత వచ్చినవి చూసి సరిచేసుకోవాలి. నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలుంటే కాగితం ఆరింది, లేదా జిగురు, ఒత్తిడి చాలలేదు. అంచు చుట్టూ రంగు ఒలికి గీతలా కడితే రంగు ఎక్కువైంది. కాగితం పలకకు అతుక్కుని నార లేస్తుంటే జిగురు ఎక్కువైంది. అంచులన్నీ పాకిపోతుంటే తడి ఎక్కువ, కాగితాలను పొడి అద్దుడు కాగితాల మధ్య పది నిమిషాలు ఉంచి చూడండి.

అన్ని కాగితాల మీదా నేపథ్యం పడ్డాక ఆకులూ పువ్వూ. ఇక్కడ చిన్న కుంచె చాలు, జిగురు బియ్యపు గింజంత. పువ్వు రేకుల కొసల దగ్గర రంగును తడివేలితో కాస్త తుడిచి అచ్చు వేస్తే అక్కడా చిన్న బోకాషి వస్తుంది. తర్వాత నలుపు. ముక్కుకూ కాళ్లకూ రంగు చిక్కగా, చాలా తక్కువగా వేయాలి. కన్ను ఒక్క చుక్కే, అది నిండిపోతే కొంగ కొయ్యబొమ్మ అవుతుంది.

ఈకలు చివర్లో, కాగితం ఇంకా తడిగా ఉండగానే. పలక మీద రంగు లేదని రెండుసార్లు చూసుకోండి. కాగితం పరిచి, బారెన్ పక్కన పెట్టి, పలుచటి గుడ్డ మీదుగా బొటనవేలితో కొంగ మేర గట్టిగా నొక్కుతూ రుద్దండి. జపాను పనివాళ్లు కొన్నిసార్లు మోచేతితో నొక్కేవారు. లేపి కిటికీ వైపు వాల్చి చూస్తే రెక్క కనిపిస్తుంది, తిన్నగా పట్టుకుంటే మాయమవుతుంది. ఫోను ఫొటోలో ఇది సరిగా రాదు. పక్క నుంచి దీపం పెట్టి తీయండి.

ఆరబెట్టడం, ముద్ర, ఫ్రేము

శుభ్రమైన అద్దుడు కాగితాల మధ్య పేర్చి తేలికపాటి అట్ట బరువు పెట్టండి, గంటకోసారి అద్దుడు కాగితాలు మార్చండి. పెద్ద పుస్తకాల దొంతర పెడితే ఇంత కష్టపడి తెచ్చిన ఉబ్బు అణిగిపోతుంది. పాత వార్తాపత్రికల మధ్య పెట్టకండి, వాటి సిరా అంటుతుంది.

సంతకం కింద ఎర్రటి ముద్ర కావాలనిపిస్తే ఒక రబ్బరు మీద మీ పేరులోని తెలుగు అక్షరాన్ని తలకిందులు కాకుండా, అద్దంలో కనిపించినట్టు తిప్పి చెక్కండి. చదవలేని జపాను అక్షరాలను ఎక్కడినుంచో తెచ్చి పెట్టకండి. అది ఏ దుకాణం పేరో, ఎవరి ఇంటి పేరో కావచ్చు. ముద్ర చోటు కింది మూల, కొంగ చూపుకు ఎదురు వైపు.

ఫ్రేము కట్టేచోట రెండు మాటలు గట్టిగా చెప్పండి. బొమ్మను అట్టకు పూర్తిగా జిగురుతో అంటించవద్దు, పై అంచున రెండు చిన్న కాగితపు పట్టీలతో వేలాడదీస్తే చాలు. అద్దానికీ కాగితానికీ మధ్య మందపాటి మౌంట్, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం, పెట్టాలి. తీర ప్రాంతపు తేమలో కాగితం అద్దానికి అంటుకుంటే ఈకలు నలగడమే కాదు, తీసేటప్పుడు నేపథ్యపు రంగు కూడా ఊడి వస్తుంది. ఎండ పడే గోడ వద్దు, బయటి వైపు నుంచి చెమ్మ దిగే గోడ అసలే వద్దు.